కూలర్ ఆపితేనే పాట

"కూలర్ ఆపు!"

రోజారాణితో ప్రేమ్‌సాగర్ మాట్లాడిన మొట్టమొదటి మాట అదే. ఇక ప్రేమకథ ఎలా మొదలైందో మీరే చూడండి.

బూర్గంపాడులో కిరాయికి తీసుకున్న గది. గోడల నిండా దుప్పట్లు, కిటికీలకు పరుపులు. పాడటానికి వచ్చిన పిల్ల చెమట తుడుచుకుంటూ కూలర్ స్విచ్ వేసింది. బాస్ గిటార్ ఒళ్ళో పెట్టుకున్న ఈ మహానుభావుడు కయ్యిమన్నాడు.

"మైకుల కూలర్ మోత పడ్తది. రికార్డింగ్ అయ్యేదాంక గాలి లేదు."

"పాడనీకి పిలిచిర్రా, ఉడకబెట్టనీకి పిలిచిర్రా?"

డ్రమ్స్ వెనక జానీ పకపకా నవ్వాడు. ప్రేమ్‌సాగర్ నవ్వలేదు. అప్పటికే పడిపోయాడు, నవ్వడానికి తీరికేది?

వాళ్ళు చేస్తున్నది సోల్, ఫంక్ పాటల ఆల్బమ్. "సోల్ అంటే గుండెను పిండేది, ఫంక్ అంటే నడుమును ఊపేది," అని జానీ ఒక్క ముక్కలో తేల్చేశాడు. అదీ పాతకాలపు పద్ధతిలో, అందరూ ఒకే గదిలో ఒకేసారి. ఎవరు తప్పినా మళ్ళీ మొదటినుంచి. గొంతూ వాయిద్యాలూ కలిసే రికార్డవుతాయి కాబట్టి తర్వాత ఒక్కరిని తీసేద్దామన్నా కుదరదు.

రోజారాణి భయం కూడా అదే. ఇంట్లో ఉద్యోగం కోచింగ్ అని చెప్పి వస్తోంది. పెళ్ళి ఆర్కెస్ట్రాలో ఒకసారి పాడినందుకే తండ్రి సమ్మయ్య చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన వద్దంటే ఆల్బమ్ మొత్తం గోదాట్లో కలిసినట్టే.

వాన పడుతున్న సాయంత్రం, ఎన్నిసార్లో చెడిపోయిన ఆఖరి పాట ఎట్టకేలకు కుదిరింది. జానీ "హమ్మయ్య!" అని కర్రలు పైకెత్తాడు. అంతలో తలుపు దబదబా మోగింది.

గుమ్మంలో సమ్మయ్య, చేతిలో గొడుగు.

"తడుస్తవని కోచింగ్ కాడికి పోయిన. ఇయ్యాల సెలవంట గదా బిడ్డా? ఆడ కనపడ్డ నీ దోస్తు ఈ ఇల్లు చూపించింది."

"తప్పయింది నాయినా. చెప్తే వద్దంటవని భయపడ్డ."

సమ్మయ్య గొడుగు మూసి గోడకు ఆనించాడు.

"ఏం పాడినవో ఇనిపియ్యి."

గనిలో డ్రిల్లింగ్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఆ మోతకు చెవులు సగం పోయాయి. జానీ పాట పెట్టగానే స్పీకర్‌కు రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అది చూసి రోజారాణికి ఏడుపు ఆగలేదు. ప్రేమ్‌సాగర్ గోదారి అవతలి గుళ్ళో రామయ్యకు మొక్కుకున్నాడు.

పాట అయిపోయింది.

"ఈ కింద గుమ్ముగుమ్ముమనేది ఎవలు?"

"వీడి బాస్ గిటారే కాకా! నేను గాదు," అని జానీ టక్కున వేలు చూపించాడు. దోస్తులంటే ఇలాగే ఉండాలి!

"బిడ్డ గొంతు నాకు సగమే ఇనపడ్డది," అన్నాడు సమ్మయ్య, ప్రేమ్‌సాగర్ కేసి చూస్తూ. "నీది మాత్రం చేతికి మొత్తం తెలిసింది. ఆమె ఆగిన కాడల్లా ఆగినవ్. జోరందుకుంటే ఎనకనే ఉన్నవ్. ఒక్క కాడ గూడ ఇడ్సిపెట్టలే. ఇది పాట మందమేనా, తర్వాత గూడనా?"

ప్రేమ్‌సాగర్ గిటార్ పక్కన పెట్టి లేచాడు.

"ఎప్పటికీ గిట్లనే, మామా."

మామా! జానీ చేతిలోని కర్ర కిందపడింది. సమ్మయ్య మాత్రం మీసాల్లో నవ్వుకున్నాడు.

"ఆల్బమ్ మీద నా పేరు ఏసుకోవచ్చా నాయినా?"

"ఏస్కో. ఇంటిపేరు గూడ ఎయ్యి, ఎవల బిడ్డవో తెల్వాలె గదా."

గదిలో అందరికీ ఒక్కసారి ఊపిరాడింది. ప్రేమ్‌సాగర్ ధైర్యం చేశాడు.

"మరి... నీకు ఇష్టమేనా రోజా?"

"ముందు కూలర్ పెట్టు."

ఒక్క దూకులో పోయి స్విచ్ వేశాడు. కూలర్ బర్రున తిరిగింది. ఎగిరే ముంగురులు సర్దుకుంటూ రోజారాణి మెల్లగా ఏదో అంది.

"ఏమన్నదిరా?" సమ్మయ్య చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ప్రేమ్‌సాగర్ కూలర్ ముందే నిలబడి నవ్వుతున్నాడు. జానీయే గది అదిరేలా అరిచాడు.

"అవ్ అన్నది కాకా!"