నీరెండలో పదకొండేళ్లు

కాకినాడలో పడవ దిగి, రెండో అంతస్తు కిటికీలోంచి ఆఫీసులోకి వెళ్లడం 2094 నాటికి ఎవరికీ వింతగా లేదు. కింది అంతస్తులన్నీ సముద్రానివే. ఊరు ఖాళీ చేయడానికి ఇక పన్నెండు రోజులే గడువు.

కుటుంబాలను ప్రభుత్వమే గుంపులుగా పంపేసింది. ఒంటరి ఉద్యోగులు మాత్రం ఎడారిలో కొత్తగా కట్టిన సైకతపురి, ఉప్పుమేడ, నీరెండ అనే మూడు నగరాల్లో ఒకదాన్ని తామే ఎంచుకోవాలి. ఒకసారి సంతకం పెడితే ముప్ఫై ఏళ్లదాకా ఊరు మారడానికి వీల్లేదు. తరళకు ఇరవై తొమ్మిదేళ్లు. నీటిశుద్ధి ఇంజనీరు. నా అన్నవాళ్లు లేరు. ఇసుకలో ఒక్కతే ముసలిదైపోతానేమోనన్న భయంతో నెల రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

అలాంటివాళ్ల కోసమే వలస ఆఫీసులో డాక్టర్ అపరంజి భావిజీవన యంత్రాన్ని తయారుచేసింది. జనం దాన్ని ‘ముందుబతుకు’ అనేవారు. సెన్సర్ల టోపీ పెట్టుకుని పడుకుంటే, కోరిన నగరంలో రాబోయే పదకొండేళ్లను ఒక్క గంటలో గడిపి రావచ్చు. ఎండ, గాలి, నీళ్ల కోటా కంప్యూటర్ మోడల్ నుంచి వస్తాయి. మనుషులను కల్పించడం మాత్రం యంత్రానికి చేతకాదు. అందుకని ఆ గంటలో అదే నగరాన్ని పరీక్షిస్తున్నవాళ్ల మెదళ్లను ఒకదానితో ఒకటి కలుపుతుంది.

సైకతపురిలో తరళ పదకొండేళ్లూ ఒంటరిగా గడిపి ఏడుస్తూ లేచింది. ఉప్పుమేడలో మూడో ఏటే ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆఖరికి నీరెండ. అక్కడ సుధన్వ కలిశాడు. సౌరఫలకాల టెక్నీషియన్. రెండో ఏడు పెళ్లి చేసుకున్నారు. ఇసుక తుఫాను రోజుల్లో తలుపులు బిగించుకుని ఆమె కబుర్లు చెబుతుంటే అతను నవ్వుతూ వినేవాడు.

టోపీ తీయగానే తరళ నీరెండకు సంతకం పెట్టేసి వరండాలోకి పరుగెత్తింది. సుధన్వ అక్కడే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

“నేను నీరెండకి పెట్టేశానండీ! మీరూ పెట్టేశారా?”

అతను తల దించుకున్నాడు. “నేను ఉప్పుమేడకి రాశానండి.”

“ఉప్పుమేడా? అక్కడి గాలికి మనుషులు బతకరు!”

“తెలుసండి. నేనూ చూశాను.”

“మరి మన పదకొండేళ్లు?” ఆమె అతని దారికి అడ్డంగా నిలబడింది. “మీకు రాలేదా అది?”

“వచ్చిందండి. మొత్తం వచ్చింది. అందుకే.”

తరళ వెనక్కి పరుగెత్తి అపరంజి చేతులు పట్టుకుంది. “నా సంతకం కొట్టేయండి డాక్టరుగారూ!”

“కుదరదమ్మా. రాజధానికి వెళ్లిపోయింది.”

“మీ యంత్రం అబద్ధం చెప్పింది. ఆయన సంతోషంగానే ఉన్నారు. కళ్లారా చూశాను.”

అపరంజి అలసటగా కుర్చీలో కూలబడింది. “నువ్వు సంతోషంగా ఉంటావా అన్నదే అది చూపించింది. ఆయన సంగతి నువ్వు అడగలేదు, మేమూ అడగలేదు. ఈ నెలలో లోపల పెళ్లిళ్లు చేసుకున్న జంటలు నలభై. ఒక్క జంట కూడా ఒకే ఊరికి రాయలేదమ్మా.”

“అయితే ఆయన వైపు నుంచి చూపించండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఆయన ఒప్పుకోవాలి.”

“చూపించండి, పర్లేదు” అన్నాడు గుమ్మంలోంచి సుధన్వ. పడవెక్కి వెళ్లిపోయాడు.

ఈసారి తరళ టోపీ పెట్టుకుని, యంత్రం దాచిన రికార్డులో అతని కళ్లలోంచి చూసింది. ఆరో ఏడు. అతను ఆసుపత్రి నుంచి వస్తున్నాడు. ఎడమ కంటికి చూపు ఇక రాదన్నారు. భార్యకు ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కున్నాడు. వంటగది గుమ్మంలో నిలబడి నోరు తెరిచాడు. ఆమె కొత్త పంపు గురించి చెబుతోంది. అది అయ్యాక పై అధికారి గురించి అందుకుంది. అతను నోరు మూసుకుని నవ్వాడు. మర్నాడూ అంతే. మిగిలిన ఐదేళ్లలో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

సగం చీకటైన ఆ చూపులోంచి, పొయ్యి దగ్గర నిలబడ్డ తనను తాను చూసుకుంది తరళ. ఎంత ఆనందంగా ఉంది ఆ మనిషి!

“ఒక్కసారి ఇటు తిరుగు!” అని అరిచింది.

పొయ్యి దగ్గరి మనిషి కబుర్లు చెబుతూనే ఉంది.