కౌబర్డ్ పంజరం

"మీరు పిట్టల్ని చంపుతారా?"

అలా మొదలైంది వాళ్ల పరిచయం. ఎఫ్రెన్ టైర్ల షాపులో పనిచేస్తాడు. ఆదివారమైతే చాలు, మెడలో బైనాక్యులర్స్ వేసుకుని ఎడారి అంచున ఉన్న ఈ పక్షుల రిజర్వుకి వచ్చేస్తాడు. వాగు ఒడ్డున, గదంత ఇనుప వల పంజరం పక్కన నిలబడ్డ అమ్మాయి అతని వైపు తిరిగి కూడా చూడలేదు.

"అన్నిటినీ కాదు. కౌబర్డ్ ఆడపిట్టల్నే. కంప్లయింట్ ఇవ్వాలంటే ఆఫీసు అటు."

ఆమె పేరు మారిసెలా. రిజర్వులో ఉద్యోగి. కౌబర్డ్ గూడు కట్టుకోదు. కోకిల కాకి గూట్లో పెట్టినట్టు, చిన్న పిట్టల గూళ్లలో గుడ్డు పెట్టి తన దారిన తాను పోతుంది. ఆ పిల్ల ముందే బలిసి మేతంతా మింగేస్తుంది, అసలు పిల్లలు ఆకలికి చస్తాయి. నిరుడు కొండ మీది పొదలన్నీ తగలబడ్డాక, వాగు ఒడ్డున వీరియో అనే చిన్న పిట్టల జంట ఒక్కటే మిగిలింది. ఆ జంట పిల్లలు బతక్కపోతే ఇక్కడ వాటి కథ ముగిసినట్టే. అందుకే ఈ పంజరంలో కొన్ని కౌబర్డ్ పిట్టల్ని ఎరగా ఉంచి, వాటిని చూసి వచ్చి పడే ఆడవాటిని చంపుతారు.

ఇదంతా విన్నాక కూడా ఎఫ్రెన్ వాదించాడు. వాదించడానికే మళ్లీ ఆదివారం వచ్చాడు. తర్వాత వాదన మానేశాడు గాని రావడం మానలేదు.

"నిజం చెప్పు, పిట్టల కోసం వస్తున్నావా, నా కోసమా?"

"పిట్టల కోసమే. అవి నన్ను తిట్టవు."

"తిడుతూనే ఉంటాయి. నీకు అర్థం కాదంతే."

ఓ పూట నాలుగు చినుకులు పడ్డాయి. ఎడారి వాన అంతే మరి. ఆ మాత్రానికే ఇద్దరూ ఒకే విల్లో చెట్టు కిందికి పరిగెత్తారు. వాన వెలిసి చాలాసేపైనా ఇద్దరూ కదల్లేదు.

పంజరంలో పిట్ట పడ్డ రోజు మాత్రం ఆమె వేరే మనిషి. గుప్పిట బిగించి పని ముగించేది. తర్వాత వాగులో చేతులు కడుక్కుంటూనే ఉండేది, తిండి ముట్టేది కాదు.

ఒక ఆదివారం అతనే ముందు వచ్చాడు. పంజరంలో ఓ ఆడ కౌబర్డ్ వలకి ముక్కు కొట్టుకుంటోంది. ఇవాళ ఒక్కరోజైనా ఆమెకి ఆ పని తప్పించాలనిపించింది. గడియ తీశాడు. ఎరగా ఉంచిన పిట్టలు కూడా దాంతోపాటే ఎగిరిపోయాయి.

"గడియ నేనే సరిగ్గా వేసి ఉండను," అంది మారిసెలా వచ్చి, ఖాళీ పంజరం చూసి. ఎఫ్రెన్ నిజం చెప్పకుండా తలుపు మూసి గడియ వేశాడు.

మే నెలలో ఆమె ఫోన్ చేసింది. వీరియో గూడు దొరికింది, రమ్మంది. గొంతులో సంతోషం లేదు.

టెలిస్కోప్‌లో చూశాడు. గూడు నిండా ఒకే ఒక్క పిల్ల, తల్లికంటే పెద్దది, నోరు తెరిచి అరుస్తోంది. తల్లి ఎగిరొచ్చి పురుగు పెడుతోంది. గూటి కింద ఇసుకలో రెండు చిన్న పిల్లలు ఎండిపోయి ఉన్నాయి. చీమలు పట్టాయి.

"నావల్లే," మారిసెలా ఏడుస్తోంది. "ఆ రోజు గడియ సరిగ్గా వేసుంటే..."

నోరు మూసుకుంటే ఆమె తనకు దక్కుతుంది. ఆ సంగతి ఎఫ్రెన్‌కి తెలుసు. కానీ ఆ ఏడుపు చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాలేదు.

"గడియ నువ్వు వేశావు. తీసింది నేను."

"ఎందుకు?"

"చంపిన రోజు నువ్వు తిండి తినవు. చూడలేకపోయాను. నువ్వంటే నాకు ప్రాణం, మారిసెలా."

"నన్నడిగావా? ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నావు. పో ఇక్కణ్ణుంచి!"

పోయాడు. తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చి, పంజరానికి దూరంగా నిలబడ్డాడు. ఆమె లోపల్నుంచి ఓ ఆడ కౌబర్డ్‌ని పట్టుకొచ్చింది.

"చెయ్యి చాపు."

పిట్ట వెచ్చగా ఉంది. దాని గుండె అతని వేళ్లకి కొట్టుకుంటోంది.

"నావల్ల కాదు."

"నావల్లా కాదు. అయినా చేస్తున్నానుగా."

అతని గుప్పిట మీద తన చేతులు వేసింది. ఇద్దరూ కలిసి బిగించారు. అయిపోయాక కూడా ఆమె చేతులు తియ్యలేదు.

"వచ్చే ఏడు ఇంకో వీరియో జంట వస్తుందో రాదో తెలీదు. వచ్చేదాకా ఇదే పని. ఉంటావా?"

చేతిలో పిట్ట పూర్తిగా చల్లబడ్డాక ఎఫ్రెన్ చెప్పాడు, ఉంటానని.