పిన్ని ఇంటి ముందు మట్టి

చీకటి పడ్డాక మా పిన్ని ఖాళీ ఇంటి ముందు నుంచి ఎవరూ వెళ్ళరు. దెయ్యాలున్న చోట మల్లెపూల వాసన వస్తుందంటారు. ఇక్కడ మాత్రం... పెట్రోలు వాసన.

బాబాయి పోయాక పిన్ని ఆ ఇంటికి తాళం వేసి అద్దెగదిలోకి మారిపోయింది. వాసనకి భయపడి మళ్ళీ అటు తొంగి చూడలేదు. అదంతా పక్క షెడ్డులో మెకానిక్ పనేనని, ఇల్లు చవగ్గా కొట్టేయడానికి రాత్రిళ్ళు పెట్రోలు పోస్తున్నాడని ఆవిడ అనుమానం. షెడ్డు స్థలం కూడా ఆవిడదే. ఖాళీ చెయ్యమంది. పిల్లలు గలవాడు, లబోదిబోమన్నాడు.

మా అక్క మట్టి పరీక్షల ల్యాబులో కెమిస్టు. దెయ్యాన్నీ నమ్మదు, మెకానిక్‌నీ నమ్మదు. ఓ సాయంత్రం టార్చి పట్టుకుని ఒక్కతే వెళ్ళింది. తర్వాత జరిగింది తను చెప్పిందే.

చీకటి పడింది... వాసన గుప్పుమంది. ఆవిరి ఎగిరిపోకుండా సీసా నిండా మట్టి కూరి మూత బిగించింది. వెనకాల ఎవరో — దగ్గారట.

"ఒక్క నిమిషం, లేబుల్ రాసుకోనివ్వండి," అందట అక్క.

దగ్గు ఆగిందట.

ల్యాబు మెషిన్లో పరీక్ష అయ్యాక అందరం పిన్ని గదిలో చేరాం. మెకానిక్ గుమ్మంలోనే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు.

"ఇది ఇతని పెట్రోలు కాదు పిన్నీ," అంది అక్క. "ఇందులో సీసం కలిసి ఉంది. అలాంటి పెట్రోలు అమ్మడం మానేసి ఏళ్ళయింది."

మెకానిక్ గోడకి చేరగిలబడ్డాడు. అయితే ఎప్పుడో ఇంకిన పాతదేలెమ్మన్నాను, పెద్ద తెలిసినట్టు.

అక్క తల అడ్డంగా ఊపింది. పాతదైతే అందులోని తేలిక భాగాలు ఎప్పుడో ఆవిరైపోయేవట. ఇందులో అన్నీ ఉన్నాయట... నిన్న పోసినట్టు. గొంతు తగ్గించి, పాత స్కూటర్లకి పెట్రోల్లో కలిపే ఆయిల్ కూడా ఉందని చెప్పింది.



"ఎంత కలిపారు?" అంది పిన్ని.

"మామూలు కన్నా రెండింతలు."

పిన్ని కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నేళ్ళూ ఎవరో ఏమోనని హడలి చచ్చానే. మీ బాబాయే. ఎంత చెప్పినా అంతే పోసేవారు."

మెకానిక్ వైపు తిరిగింది. "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదయ్యా. ఆ స్కూటర్ ఓసారి బాగుచేసి పెట్టు."

బాబాయి పోయిన ఏడాదే ఆయన స్కూటర్ని పాత ఇనుముకి అమ్మేశాం.

"ఏ స్కూటరమ్మా?" అన్నాడతను.

"రాత్రికి ఆయన వస్తారుగా, చూపిస్తారు," అంది పిన్ని, ఇంటి తాళంచెవి వెతుక్కుంటూ.