బాలమ్మ నెత్తురు రాయి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ఇంటిపెద్ద బాలమ్మ, ఆమె కొడుకు నాగన్న, నెలలు నిండిన కోడలు సత్యమ్మ, తల్లిలేని మనుమరాలు జములమ్మ. తొలికోడి కూసే వేళకు మంత్రసాని శాంతమ్మ వచ్చింది. తెల్లవారేసరికి మగపిల్లాడు పుట్టి ఆరో మనిషయ్యాడు.

జములమ్మకు పద్నాలుగేళ్లు. ఎవరైనా పలకరిస్తే గుంజ చాటుకు వెళ్లే పిల్ల. "నీ మేనకోడలి నోట్ల నాలికె ఉందో లేదో పెండ్లిసూపులనాడు తెలుస్తది" అని సత్యమ్మ మొగుణ్ణి నవ్వించేది. జములమ్మ తల్లి, బాలమ్మ కూతురు అమృతమ్మ రెండో కాన్పులో పోయింది. తండ్రి మరో పెళ్లి చేసుకుంటే, మూడేళ్ల పిల్లను అవ్వే చంకనేసుకుని తెచ్చింది. అప్పటినుంచీ అవ్వ పక్కలోనే నిద్ర, అవ్వ చేతి ముద్దే తిండి.

యుద్ధం వచ్చి అగ్గిపెట్టెలు కరువైన ఏడు అది. జములమ్మ రోజూ చెకుముకి రాయిని ఇనుప ముక్కతో కొట్టి పొయ్యి రాజేసేది. ఆ పొద్దున వేన్నీళ్లు కాస్తుంటే శాంతమ్మ గదిలోంచి బయటికి వచ్చింది.

"బాలమ్మవ్వా, నెత్తురు ఆగుతలేదు. రెండు పాత చీరెలు తడిసినయ్. బండి కట్టుండ్రి. గద్వాల దవాఖాన మూడు కోసులే."

"ఇంట్ల రాయి పెట్టుకొని దవాఖానకెందుకే శాంతమ్మా?" బాలమ్మ పెట్టె తెరిచింది.

కోడిగుడ్డంత రాయి అది. ముదురాకుపచ్చ ఒంటిమీద నెత్తుటి చుక్కల్లాంటి మచ్చలు. పూర్వం ఎవరో నిండు చూలాలు కృష్ణ వరదలో చిక్కుకుని ఏటి నడుమ బండగుండు మీదే ప్రసవించిందనీ, ఆ నెత్తురు తాగిన గుండు పగిలి ఈ రాయి పుట్టిందనీ బాలమ్మ అత్త చెప్పేది. బడి పంతులు ఆ మాట విని నవ్వాడు. నల్లరాతి సందుల్లో నీళ్లు ఊరి ఊరి, పొర మీద పొర పేరుకుని, ఎన్నో వేల ఏళ్లకు ఇలాంటి రాళ్లవుతాయన్నాడు. చెకుముకి రాయిదీ ఇదే జాతి అనీ, ఆ ఎర్ర మచ్చలు ఇనుప తుప్పు అనీ చెప్పాడు. జములమ్మ ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. చుట్టుపక్కల ఊళ్ల బాలింతలంతా అవ్వ రాయి నీళ్లు తాగినవాళ్లే. ఎదురుపడితే అవ్వ కాళ్లకు మొక్కుతారు.

"జములా, సాన కడుగు."

ఏడాది పొడుగునా పసుపు కుంకాలు పూసిన, గంధం తీసే సాన అది. జములమ్మ పీచుతో రుద్దితే మందపాటి పూత లేచిపోయింది. అడుగున రాయి ఇటుకలా ఎర్రగా ఉంది. నడుమ అరచెయ్యి పట్టేంత గుంట.

బాలమ్మ నాలుగు చుక్కల నీళ్లు వేసి రాయిని అరగదీసింది. ఎర్రటి గంధం వచ్చింది. "నెత్తురుకు నెత్తురే మందు" అంటూ గిన్నెలో కలిపి తాగించింది. గడియ తర్వాత మళ్లీ తాగించింది. శాంతమ్మ మూడో చీరె చుట్టింది.

"అమ్మా, జర ఆలోచించు. బండి కడ్త" అన్నాడు నాగన్న.

"రాయి నీళ్లు తాగినోళ్లు పొద్దుగూకేదాంక గడప దాటొద్దు. దాటితే నెత్తురు తిరగబడ్తది. నీకు తెల్వదా?"

"అమృతక్కకు తాగిస్తే ఏమాయె?"

బాలమ్మ ముఖం గట్టిపడింది. "దానికి ఆలిశమైంది. ఇంటికి తెచ్చెటాలకే సగం పానం పోయింది. రాయి తప్పు గాదు."

జములమ్మ గదిలోకి తొంగిచూసింది. సత్యమ్మ పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి. అయినా మేనకోడల్ని చూసి చిన్నగా నవ్వింది.

"జములా, పిల్లగాని ముక్కు మీ మామ ముక్కేనా? గట్లయితే వీనికి పిల్లనెవరిస్తరే?"

ఆ నవ్వు సగంలో ఆగి కళ్లు మూతపడ్డాయి.

జములమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది. చెకుముకి రాయి చేతిలోకి తీసుకుంది. ఆరు నెలల్లో ఇనుప ముక్క సగం అరిగింది కానీ రాయి అంచు ఇంకా వేలు కోసుకునేంత పదునుగానే ఉంది. వచ్చి సాన ముందు కూర్చుని, నాలుగు చుక్కల నీళ్లు వేసి అరగదీయసాగింది.

"ఏం జేస్తున్నవే? పొయ్యికాడి రాయి దీని మీద పెడ్తవా?" బాలమ్మ కసిరింది.

జములమ్మ ఆపలేదు. ఎర్రటి గంధం వచ్చింది. అదే రంగు, అదే చిక్కదనం.

"సూడవ్వా. గిది ఉత్త చెకుముకి రాయి." ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. "నీ రాయి ఎన్నడూ అరగలే. ఇన్నేండ్లు అరిగింది సాననే. అత్తకు తాగిచ్చింది సాన మన్ను."

శాంతమ్మ వేలు అద్ది చూసింది. నాగన్న ఒకసారి సానను, ఒకసారి తల్లిని చూసి, బండి కట్టడానికి వెళ్లిపోయాడు. సత్యమ్మను నులకమంచంతో సహా ఎత్తి బండిలో పెట్టారు. పసివాణ్ణి ఒళ్లో పెట్టుకుని శాంతమ్మ ఎక్కింది. బాలమ్మ అడ్డం చెప్పలేదు. కూర్చున్న చోటినుంచి లేవనూ లేదు.

మధ్యాహ్నం జములమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది. బాలమ్మ ముట్టలేదు. సాన గుంటలో బొటనవేలు తిప్పుతూ కూర్చుంది.

"పంతులు నేర్పిండా గిది?"

"లేదవ్వా. నేనే సూసిన."

"సత్తెమ్మ దక్కదు. గడప దాటింది" అంది బాలమ్మ. అది భయంతో అన్నట్టు లేదు. అలాగే జరగాలని ఎదురుచూస్తున్నట్టుంది.

పొద్దు వాలుతుండగా సత్యమ్మ గుడ్డల కోసం నాగన్న వచ్చాడు. వాకిట్లోనే జములమ్మ తల నిమిరాడు. "డాక్టరమ్మ సూది ఏసింది. నెత్తురు కట్టింది బిడ్డా. ఇంకో గడియ ఆగుంటే దక్కకపోవునన్నది. మీ అత్త నీ పేరే తలుస్తుంది."

జములమ్మ లోపలికి పరుగెత్తింది.

"అవ్వా, అత్త బతికింది."

బాలమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. అచ్చం అమృతమ్మ ముఖం.

"మీ అమ్మ బండి గూడ గద్వాల తొవ్వల్నే ఉండె" అంది. "అల్లుడు దవాఖానకే తీస్కపోతుండె. నేనే ఎదురువోయి ఎడ్లకు అడ్డం నిలవడ్డ. రాయి ఉండంగ దవాఖాన ఎందుకని ఇంటికి మళ్లిచ్చిన."

పొద్దున తను సాన మీద అరగదీసింది, కూతురి చావు తన తప్పు కాదన్న అవ్వ నమ్మకాన్నని జములమ్మకు అప్పుడు తెలిసింది. కళ్లలో నీళ్లు తిరిగి అవ్వ చెయ్యి పట్టుకోబోయింది. ఆ చెయ్యి వెనక్కి పోయింది.

"అత్తను బతికిచ్చుకున్నవ్. మంచిగ జేసినవ్ బిడ్డా. ఇగ నాకు కండ్లవడకు."

కోపం లేని గొంతుతోనే ఆ మాటలు అని, బాలమ్మ మనుమరాలి భుజం పట్టి గడప బయటికి నడిపించి తలుపు మూసింది.