పుంటికూర మడిలో ఒక్క మొక్క

ఎంక్వయిరీకి వచ్చే పోలీసాయనకు పుంటికూర పప్పుతో, అదే గోంగూర పప్పుతో, అన్నం పెట్టాలని నర్మదకు పొద్దున్నే బుద్ధి పుట్టింది. ఎక్సైజ్ కానిస్టేబుల్‌గా సెలెక్టయిన పిల్ల ఎలాంటిదో, ఇల్లెలాంటిదో చూసి రాసుకోవడానికి ఆయన పది గంటలకు వస్తానన్నాడు. ఇబ్రహీంపట్నంలో వాళ్ల గల్లీ మొత్తానికి ఇదే మొదటి సర్కారు కొలువు మరి. తల్లి బాలనర్సమ్మ క్యాన్సర్‌తో మంచం పట్టింది కనుక కూర తెంపే పని కూడా నర్మదదే.

గంప పట్టుకుని పెరట్లోకి వెళ్లి, గోడ పక్క మడిలో వంగింది. మడి నడుమ ఒక మొక్క మిగతావాటికంటే ఎత్తుగా ఉంది. ఆకు పుంటికూరలాగే చీలి ఉంది గానీ, తుంచగానే వచ్చిన వాసన వేరు. పరీక్ష పుస్తకంలో బొమ్మ చూసిన పిల్ల కదా, వెంటనే గుర్తుపట్టింది.

"బాపు! జర ఇటు రా!"

వెంచర్‌లో కాపలా డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన బుగ్గయ్య, చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి వచ్చాడు.

"గిదేంది బాపు?"

"పుంటికూర."

"నాకే చెప్తున్నవా? గంజాయి గిది!"

"మెల్లగ మాట్లాడు. గోడవతల ఇంటరు."

"ఒక్క చెట్టు పెంచినా పదేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మాన. ఎరికేనా నీకు?"

"నేనేమన్న అమ్ముకున్ననా? మీ అమ్మ నొప్పికి నాలుగాకులు పాలల్ల కాగవెట్టి ఇస్తున్న. మా తాత ఎడ్లకు కడుపు పారుడు వడితే గిదే తాపుతుండె. నోరులేని పశువుకు పనికొచ్చింది మనిషికి రాదా?"

"నా నౌకరి పోతది బాపు! మూడేండ్లు సదివిన!"

"అవ్, సదివినవ్. పెద్ద దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నప్పుడు నువ్వు పుస్తకం ముంగట కూసున్నవ్. అది మూలుగుతుంటే ఇన్నది నేను!" బుగ్గయ్య రెండు చేతులూ ముందుకు చాపాడు. "పట్టుకపో. నీ తొలి కేసు నేనే అయిత."

ఆ మాట నర్మదకు చెంప మీద కొట్టినట్టయింది. 

అంతలో గుమ్మం దగ్గర చప్పుడైంది. బాలనర్సమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎందుకు కొట్లాడుతుండ్రు? నేనసలు తాగుతలేనయ్యా."

"తాగుతలేవా? పది దినాల సంది నిమ్మలంగ పంటున్నవ్ గదనే?"

"పన్నట్టు చేస్తున్న. బిడ్డకు గీ నౌకరొచ్చిన దినం సంది మోరిల పారవోస్తున్న. రేపు ఎవలన్న దాన్ని 'మీ ఇంట్లనే తాగిండ్రట' అంటే? మూలిగితే నువ్వు ఇంకింత కాగవెడతవని మూలుగుడు గూడ బంద్ వెట్టిన."

కొంగు సర్దుకుంటుంటే ఆమె ముంజేతి మీద మచ్చలు కనబడ్డాయి. నర్మద దగ్గరికి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని చూసింది. అన్నీ ఆమె పళ్ల గాట్లే. కొన్ని మానాయి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. అమ్మకు నొప్పి తగ్గిందని, వచ్చిన చుట్టాలందరికీ ఈ పది రోజులూ సంబరంగా చెప్పింది తనే.

నర్మద అక్కడే కూలబడి ఏడ్చింది.

"జైలని చెప్పిన అదే చట్టంల ఉన్నది బాపు. నొప్పికి మార్ఫిన్ మందు డాక్టర్ రాసిస్తే తీసుకోవచ్చని. రెండు మార్కులొస్తయని బట్టీ పట్టిన. మా అమ్మకు పనికొస్తదని ఒక్కనాడన్న యాదికి రాలే."

బుగ్గయ్య మడిలోకి దిగాడు. మొక్కను వేళ్లతో సహా పీకాడు. నర్మద గడ్డపారతో గుంత తవ్వితే ఇద్దరూ కలిసి పూడ్చారు. ఎక్సైజ్ కొలువులో చేరకముందే చట్టం కళ్లుగప్పిన ఘనురాలు ఈ నర్మద. తప్పు కాదంటే అబద్ధమే. కానీ ఆ పూట ఆ పిల్లను ఒక్క మాట అనడానికి కూడా మనసొప్పదు.

చేతులు కడుక్కుని పోలీసాయనకు ఫోన్ చేసింది.

"సార్, మా అమ్మను దవాఖానకు తీస్కపోతున్న. ఇయ్యాల ఇంట్ల ఎవలం ఉండం."

"నీ ఇష్టమమ్మా. లిస్టు పైకి పోయినంక నన్ను అడగొద్దు," అని విసుక్కున్నాడాయన.

"పోతే పోనియ్యుండ్రి సార్."

నాలుగు చోట్ల కనుక్కుని, నొప్పికి మందిచ్చే వార్డున్న దవాఖానకు ఆటో మాట్లాడుకున్నారు. సాగర్ రోడ్డు మీద కుదుపు వచ్చినప్పుడల్లా బాలనర్సమ్మ ఒళ్లు బిగదీసుకుంటోంది. నోరు మాత్రం తెరవడం లేదు.

నర్మద ఆమెను ఒళ్లోకి తీసుకుంది. "నొప్పైతే అరువమ్మా. నువ్వు అరిస్తేనే గద మాకు తెలిసేది. నా నౌకరికి భయపడకు."

తుర్కయాంజాల్ దాటుతుండగా బాలనర్సమ్మ గట్టిగా, గొంతు చించుకుని అరిచింది. ఆటో డ్రైవర్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. బుగ్గయ్య తువ్వాలలో మొహం దాచుకున్నాడు.

నర్మద తల్లి తలను గుండెకు అదుముకుంది. "ఇంకా అరువమ్మా" అంది.