వెనక గేటు దగ్గర కారు

పొయ్యి మీద పాలు పొంగుతున్నా కోడలి చెవులు మాత్రం అత్తగారి గది తలుపు మీదే ఉన్నాయి. లోపల భర్త గొంతు గుసగుసగా వినబడుతోంది. మధ్యమధ్యలో టక్, టక్ మని బల్ల మీద తట్టిన చప్పుడు. తలుపు తోసేసరికి తల్లీకొడుకులిద్దరూ గప్‌చుప్! అత్తగారు కిటికీ వైపు తిరిగారు. ఆయనేమో పెట్టుకున్న గుండీలే మళ్లీ పెట్టుకుంటున్నాడు.

"ఏంటండీ మంతనాలు?"

"ఏం లేదు. అమ్మకి మందులిస్తున్నా."

మందులు పొద్దున్నే తనే ఇచ్చింది. 

పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారికి పెద్దాసుపత్రిలో మాటలు నేర్పే గదే దిక్కు. అక్కడి టీచరమ్మ చేత్తో బల్ల మీద తట్టిస్తూ, రాగం తీయిస్తూ ఒక్కో మాటా పలికించేది. నాలుగు మాటలు తిరిగొచ్చాయో లేదో, ప్రభుత్వం నిధులు కోసేసింది. నెలాఖరుకి ఆ గది మూసేస్తారట. కోడలు ఊరుకునే రకమా? రోగుల ఇళ్లవాళ్లందరినీ కూడగట్టుకుని ప్రజాప్రతినిధి ఇంటికి వెళ్లింది. ఆయన అప్పుడే బయటికెళ్లారన్నారు. రెండోసారీ అదే పాట.

ఇంతకీ ఆయన కారు నడిపేదెవరయ్యా అంటే, సాక్షాత్తూ ఈవిడ మొగుడే!

అందుకే నిన్న ఒక అబద్ధం ఆడింది. "రేపు పొద్దున అందరం సారు దగ్గరికి వెళ్తున్నాం" అని భర్త ఒక్కడి చెవినే వేసింది. ఇవాళ ఒక్కతే వెళ్లి ఆ వీధి మలుపులో నిలబడింది. అనుకున్నంతా అయింది. ప్రతినిధిని ఎక్కించుకుని వెనక గేటు లోంచి కారు బయటికొచ్చింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం భర్త భోజనానికొస్తే కంచం పెట్టలేదు.

"మేం వస్తున్నామని ఆయనకి కబురు మోసిందెవరు?"

"నాకేం తెలుసు?"

"నాటకాలాపండి! ఇవాళ ఎవరూ రాలేదు. వస్తామని చెప్పింది మీ ఒక్కరికే. కన్నతల్లి నోరు నొక్కి ఉద్యోగం కాపాడుకుంటారా? ఛీ!"

ఆయన తల దించుకున్నాడు. "మొదటిసారి భయపడే చెప్పాను. మా ఇంటివాళ్లే గొడవకొస్తున్నారని తెలిస్తే నన్ను పీకేస్తాడని. అమ్మ కనిపెట్టేసింది. ఆ తర్వాత నుంచి..."

గుమ్మంలో చేతికర్ర టక్‌మంది. "నే...నే... చెప్ప...మన్నా," అన్నారు అత్తగారు.

"ముందు గేటు దగ్గర జనం ఉన్నారంటే ఆయన వెనక గేటు నుంచి ఒంటరిగా నా కారులోకే వస్తాడు," అన్నాడు భర్త. "అందులో తనని కూర్చోబెట్టమని అమ్మ పట్టు. ఇవాళే తీసుకెళ్దామనుకున్నాం. పొద్దున మాట సరిగ్గా పలకలేదు. పలికేదాకా నీకు చెప్పొద్దంది. నీ ముందు తడబడితే సిగ్గట."

"నమ్మమంటారా?"

నమ్మలేదు. మర్నాడు అందరితో ప్రతినిధి ఇంటి ముందు గేటు దగ్గర నిలబడిందే గానీ, మనసంతా వెనక సందులోనే ఉంది. ఆగలేక పరిగెత్తింది. కారు ముందు సీట్లో నిజంగానే అత్తగారు!

అప్పుడే ఎక్కిన ప్రతినిధి ఉలిక్కిపడ్డాడు. "ఎవరీవిడ?"

"మా అమ్మ సార్."

అత్తగారు తలుపు మీద తడుతూ, రాగం తీస్తూ అన్నారు. "మా... గది... మూయొద్దు."

"అలాగేనమ్మా, తీరిగ్గా చూద్దాం. నువ్వు పోనివ్వవయ్యా!"

భర్త ఇంజన్ ఆపాడు. తాళంచెవి తీసి తల్లి ఒళ్లో పెట్టాడు. కోడలు కారు అద్దానికి దగ్గరగా జరిగింది.

"ఇప్పుడు," అన్నారు అత్తగారు. ఎవరూ నేర్పని మాట అది. తట్టకుండానే వచ్చేసింది.

ప్రతినిధి ఆమెనీ తాళంచెవినీ మార్చి మార్చి చూశాడు. ఎవరికో ఫోన్ చేసి, ఆ గది మూసే కాగితం ఇవాళ ఆపమన్నాడు. తర్వాత దిగి, ముందు గేటు వైపు నడిచాడు. రేపేం చేస్తాడో నమ్మడానికి లేదు, కానీ జనం ఎదుటికైతే వెళ్లాడు.

కోడలికి దుఃఖం ఆగలేదు. "మీ ఉద్యోగం ఉంటుందంటారా?"

"ఏమో! పోతే పోనీ."

"నిన్న మీకు అన్నమైనా పెట్టలేదు. ఎన్ని మాటలన్నాను!"

"మొదటిసారి చేసినదానికి అనాల్సిందేలే."

అత్తగారు కోడలి చెయ్యి లాక్కుని, అరచేతిలో మెల్లగా తట్టారు.

"వాడికి... అన్నం... పెట్టు."