గట్టు మీద తీగ

అలివేలు మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని చేనికి వెళ్లేసరికి, నాన్న సాంబశివరావు గట్టు పొడుగునా చిన్న చిన్న కర్రలు పాతుతున్నాడు. వాటికి ఉత్త తీగ చుడుతున్నాడు. తీగ రెండో కొస మోటారు షెడ్డులోకి పోయింది.

రాత్రిపూట అడవి పందులు వేరుశనగ చేనంతా తవ్విపోస్తున్నాయనీ, చీకటి పడ్డాక ఈ తీగకు కరెంటు పెడతాననీ నాన్న చెప్పాడు.

“మనుషులు తగిలితేనో?” అని అడిగింది అలివేలు.

“రాత్రిళ్లు మన చేలోకి ఎవరొస్తారే? బయట ఎవరికీ చెప్పబాకు. కరెంటోళ్లకి తెలిస్తే కనెక్షన్ పీకేస్తారు.”

బడికి తిరిగి వెళ్లాక, పక్కన కూర్చునే సుందరి, తన నాన్న యోబు సంగతి చెప్పింది. ఆయనకు కాలువ తవ్వకంలో పని దొరికిందట. రేపటి నుంచి చీకటితోనే బయలుదేరాలట. అలివేలు వాళ్ల గట్టు మీదుగా పోతే దగ్గరట.

అలివేలు నోరు తెరిచింది. నాన్న మాట గుర్తొచ్చింది. లెక్క ఎలా చేశావని సుందరిని అడిగి ఊరుకుంది.

తెల్లవారేసరికి ఊరంతా చేని వైపు పరుగెత్తింది. యోబు గట్టు మీద బోర్లా పడి ఉన్నాడు. కుడి అరచెయ్యి నల్లగా కాలిపోయింది. పనికి కట్టుకున్న సద్ది మట్టిలో చెల్లాచెదురై ఉంది. ప్రాణం ఎప్పుడో పోయింది.

వినుకొండ నుంచి ఎస్సై జీపులో వచ్చేలోపే తీగా లేదు, కర్రలూ లేవు. పెదనాన్న వెంకట్రామయ్య వాటిని పీకించేశాడు. మోటారు వైరు దొంగతనం చేయబోయి యోబు షాక్ కొట్టి చచ్చిపోయాడని ఆయనే ఎస్సైకి చెప్పాడు. నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

యోబు భార్య మణెమ్మ భర్త తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “మా ఆయన దొంగ కాదయ్యా,” అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆమె పక్కన సుందరి ఏడవడం కూడా మానేసి, పెద్దవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది.

అలివేలు జనాన్ని తోసుకుని ఎస్సై ముందుకు వెళ్లింది.

“ఆయన దొంగ కాదు సార్. కాలవ పనికి పోతన్నాడు. పందుల కోసమని మా నాన్నే ఇక్కడ కరెంటు తీగ కట్టాడు. నేను చూశాను.”

పెదనాన్న ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. ఎస్సై సాంబశివరావు వైపు తిరిగాడు.

నాన్న తలెత్తాడు.

“పిల్లని వదులన్నా,” అన్నాడు. “అది చెప్పిందే నిజం.”

ఆయన తనంతట తానే నడిచి వెళ్లి జీపులో కూర్చున్నాడు.

ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. అమ్మ కొన్నాళ్లు అలివేలుతో మాట్లాడలేదు. బడికి తిరిగొచ్చిన సుందరి వేరేచోట కూర్చుంది. ఒకరోజు గేటు దగ్గర ఆగి, “మా నాయన ఆ దారిన పోతాడని నీకు ముందే చెప్పా గదా,” అని మాత్రం అంది.

జొన్న కంకి వేసే రోజుల్లో ఒక సాయంత్రం అలివేలు బడి నుంచి వస్తోంది. పెదనాన్న జొన్నచేను చుట్టూ కొత్తగా పాతిన కర్రలు కనిపించాయి. వాటి మీద తీగ మెరుస్తోంది. పెదనాన్న షెడ్డు దగ్గరే ఉన్నాడు. ఆమెను చూసి, నోరు మూసుకుని ఇంటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు.

అలివేలు ఇంటికి పోలేదు. పుస్తకాల సంచి భుజాన వేసుకుని, కాలువ పనివాళ్లు ఉండే వీధికి పరుగెత్తింది. మొదటి ఇంటి తలుపు కొట్టింది.

“పిన్నీ, మా పెదనాన్న జొన్నచేని గట్టున కరెంటు తీగ కట్టారు. అటు ఎవరూ పోబాకండి,” అని చెప్పి, పక్కింటి తలుపు కొట్టింది.